జ్వరమని రాయను

బస్సు డిపోలో అందరూ ఆమెను హారనక్క అనేవారు. ఆ పేరు బస్సు హారన్ వల్ల రాలేదు, ఆమె గొంతు వల్ల వచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క కేక వేస్తే, రోడ్డుకు అడ్డంగా ఆగిన లారీ కూడా తోక ముడిచి పక్కకు జరిగేది. ఆ డిపోలో స్టీరింగ్ పట్టిన మొదటి ఆడమనిషి ఆమే. చేరిన కొత్తలో నెల తిరక్కుండా పారిపోతుందని మగ డ్రైవర్లు చెవులు కొరుక్కున్నారు. అలా అన్నవాళ్లలో సగం మంది రిటైరైపోయారు. ఆమె మాత్రం పద్దెనిమిదేళ్లుగా పెద్దాసుపత్రికీ రైల్వే స్టేషనుకూ మధ్య బస్సు నడుపుతూనే ఉంది.

తేడాను మొదట పసిగట్టింది ఆమె కాదు, కండక్టరు. పదకొండేళ్లుగా ఆమె బస్సులోనే టికెట్లు కొడుతున్న పెద్దాయన. ఆమె ఆయన్ను బాబాయ్ అంటుంది, ఆయన అమ్మాయ్ అంటాడు. ఒకరోజు చివరి స్టాపులో టీ తాగుతూ ఆయన అడిగాడు.

"అమ్మాయ్, ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఏం?"

"నువ్వెవర్నీ తిట్టి నెల్రోజులైంది. పొద్దున ఆ వ్యానువాడు ఏకంగా నీ ముందుకే దూరాడు. నువ్వు నోరెత్తలేదు. నాకు భయమేసిందనుకో."

ఆమె నవ్వబోయింది. నవ్వు పెదాల దాకా రాలేదు.

ఆ తర్వాత తనను తాను గమనించుకుంది. అలారం మోగకముందే మెలకువ వచ్చేస్తోంది, కానీ లేవబుద్ధి కావడం లేదు. యూనిఫాం గుండీలు పెట్టుకోవడం కొండెక్కినంత పనిగా ఉంది. ఏం తిన్నా మట్టి నమిలినట్టుంది. ఇంట్లో భర్త ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే మెకానిక్, మాటకు ముందు జోకు వేసే మనిషి. ఆయన పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట మాత్రం లోపలికి దిగడం లేదు. పోనీ ఏడుద్దామన్నా ఏడుపు రావడం లేదు. కారణం కోసం వెతుక్కుంది. ఇంట్లో ఎవరూ పోలేదు, ఎవరితోనూ గొడవ లేదు. కారణం లేకుండా బాధపడుతున్నందుకు తనమీద తనకే సిగ్గేసింది. అలసటేలే, అదే పోతుంది అని సర్దిచెప్పుకుంది.

అది పోలేదు. మరుసటి వారం ఒక స్టాపులో బస్సు ఆపడమే మరిచిపోయింది. స్టాపు దాటిపోయాక, చేతికర్ర ఊపుతున్న ముసలావిడ అద్దంలో కనిపించింది.

ఇంకో మూడు రోజులకు, మిట్టమధ్యాహ్నం, నది వంతెనకు ముందు సిగ్నల్ పడింది. పచ్చలైటు వెలిగింది కానీ ఆమె కాలు కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. మళ్లీ ఎరుపు, మళ్లీ పచ్చ. ఆ కాసేపట్లో ఒక ఆలోచన, పక్కింటివాళ్లు వచ్చి తలుపు తట్టినంత మామూలుగా వచ్చింది. 'అంతా ఇక్కడితో అయిపోతే బాగుండును.' ఆమె అద్దంలోకి చూసింది. బస్సు నిండా జనం. ముందు సీట్లో డ్యూటీ దిగిన నర్సు ఒకామె ఒళ్లో సంచి పెట్టుకుని కునుకు తీస్తోంది.

ఆమె బస్సును మెల్లగా రోడ్డు వారకు తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపి, తాళంచెవి తెచ్చి కండక్టరు చేతిలో పెట్టింది.

"ఏమైందమ్మాయ్? ఇంజనేమైనా..."

"ఇంజను బాగానే ఉంది బాబాయ్. బాగాలేనిది నేను. ఇవాళ నేను నడపకూడదు. వీళ్లందర్నీ వెనక బస్సెక్కించు."

"కళ్లు తిరిగాయా?"

"లేదు. బతకాలని లేదన్నట్టు ఒక ఆలోచన వచ్చింది. నన్ను కాసేపు ఒంటరిగా వదలకు."

ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, "నేనెక్కడికి పోతానే పిచ్చిదానా, ఇక్కడే ఉంటా" అన్నాడు. జనం విసుక్కుంటూ దిగారు. కోపిష్టి ఒకాయన పోతూపోతూ ఏదో అన్నాడు కూడా. బాబాయ్ వాళ్లను వెనక బస్సు ఎక్కించి, ఆమె భర్తకు ఫోన్ చేసి, ఆయన వచ్చేదాకా ఆమె పక్క సీట్లోంచి లేవలేదు.

మర్నాడు భార్యాభర్తలిద్దరూ డిపోకు వెళ్లారు. మేనేజరు చెడ్డవాడు కాదు. సెలవు కాగితం ముందుకు తోసి, "జ్వరమని రాసెయ్యమ్మా. వారం రోజులిస్తాను" అన్నాడు.

ఆమె రాసింది: 'మనసు బాగాలేదు. బస్సు నడిపే స్థితిలో లేను. డాక్టరుకు చూపించుకోవాలి.'

ఆయన చదివి తలుపు వైపు చూశాడు, ఎవరైనా వింటున్నారేమోనని. "ఇది ఫైలుకెక్కితే మళ్లీ స్టీరింగు ఇవ్వరు. నీ మంచికే చెప్తున్నా."

"నడుం నొప్పి ఉన్నవాళ్లు నడుం నొప్పనే రాశారు. షుగరున్నవాళ్లు షుగరనే రాశారు. నేనొక్కదాన్నే ఎందుకు సార్ అబద్ధం రాయాలి?"

"లోకం అలా ఉందమ్మా."

"లోకం నా బస్సు నడపదు కదా సార్. జ్వరమని రాసి, వారానికి తిరిగొచ్చి, ఆ వంతెన మీదికి మళ్లీ యాభై మందిని ఎక్కించుకుపొమ్మంటారా? నేను జ్వరమని రాయను."

మేనేజరు ఆమె భర్త వైపు తిరిగాడు, కాస్త నచ్చజెప్పమన్నట్టు. ఎప్పుడూ జోకుతో మొదలుపెట్టే ఆ మనిషి, "ఆవిడ రాసిందే ఉంచండి సార్" అని ఊరుకున్నాడు.

పెద్దాసుపత్రిలో మానసిక విభాగం వసారా చివరన ఉంది. అక్కడ బల్లల మీద అందరూ మొహాలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు. ఒకాయనైతే హెల్మెట్ కూడా తియ్యలేదు. ఆమె అందరికీ కనిపించేలా ముందు బల్ల మీద కూర్చుంది. కాసేపటికి హెల్మెట్ లోంచి మెల్లగా "అక్కా" అని వినిపించింది. తమ డిపో డ్రైవరే.

"నన్ను చూసినట్టు ఎవరికీ చెప్పకక్కా."

"నీ సంగతి చెప్పను. నా సంగతి మాత్రం ఎవరికైనా చెప్పుకో. ముందు ఆ హెల్మెట్ తియ్యి, ఊపిరాడక చస్తావ్!"

డాక్టరమ్మ తొందరపడకుండా అడిగింది. నిద్ర, తిండి, పని. ఆ తర్వాత సూటిగా, "చచ్చిపోవాలనిపించిందా?" అంది. ఆమె అవునంది. ఆ ప్రశ్నను ఎవరో ఒకరు అంత మామూలుగా అడిగినందుకే ఆమెకు నెల తర్వాత మొదటిసారి ఏడుపొచ్చింది.

"ధైర్యం తెచ్చుకోమంటారేమో అనుకున్నానండీ" అంది కళ్లు తుడుచుకుంటూ.

"ధైర్యం లేనివాళ్లు నిండు బస్సు ఆపి, నాకు బాగాలేదని చెప్తారా? ఇది డిప్రెషన్. జబ్బు. మందులున్నాయి, కానీ పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. మధ్యలో మానెయ్యకండి. ఆ ఆలోచన మళ్లీ వస్తే వెంటనే ఎవరికి చెప్తారు?"

"మా ఆయనకి. బాబాయ్‌కి."

"ఇద్దరూ దొరక్కపోతే నేరుగా ఇక్కడికొచ్చెయ్యండి. ఏ వేళైనా సరే."

ఇంట్లో అత్తగారిది వేరే బాధ. గుమ్మం దగ్గర పక్కింటావిడ అడిగితే, "ఏం లేదమ్మా, కోడలికి కాస్త బీపీ" అంటోంది. లోపల మంచం మీంచి కోడలు కేకేసింది.

"బీపీ కాదండీ, డిప్రెషన్!"

పక్కింటావిడ వెళ్లిపోయాక అత్తగారు లోపలికొచ్చి నెత్తి కొట్టుకుంది. "కొంప ముంచావు కదే! సాయంత్రానికి వీధంతా టాంటాం."

"తెలియనీ అత్తయ్యా. దొంగతనం చెయ్యలేదు కదా."

ఆ ఒక్క కేకకే ఉన్న సత్తువంతా అయిపోయి, ఆ రోజంతా ఆమె మళ్లీ లేవలేదు.

మొదటి రెండు వారాలు మందుల వల్ల నోరెండిపోవడం తప్ప ఏమీ కాలేదు. ఒకరోజు మాత్రలన్నీ పారేద్దామనుకుంది. వీధికి బీపీ అనే చెప్పుకునే అత్తగారు మాత్రం రోజూ వేళకు నీళ్లగ్లాసుతో ఎదురుగా నిలబడేది. మింగేదాకా కదిలేది కాదు. భర్త పొద్దున్నే కొట్టు తెరవకముందు ఆమెను వీధి చివరిదాకా నడిపించేవాడు. తర్వాత పార్కుదాకా. ఆయన మాట్లాడుతుంటే నాలుగో వారంలో ఒక జోకు లోపలికి దిగింది. పాత జోకే. అయినా నవ్వింది. ఆయన నడవడం ఆపేసి రోడ్డు మీదే నిలబడిపోయాడు.

మూడు నెలలకు డాక్టరమ్మ, బస్సు నడపొచ్చని రాసిచ్చింది. డిపోలో మాత్రం ప్రయాణికులకు బస్సుల వేళలు చెప్పే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. పైనుంచి ఆర్డరు రావాలన్నారు. కొందరు డ్రైవర్లు వెనక నవ్వుకున్నారు. ఆమె ప్రతి సోమవారం డాక్టరు కాగితం పట్టుకుని మేనేజరు గది ముందు నిలబడింది.

"చెప్పినందుకా సార్ నాకీ శిక్ష? అయితే రేపట్నుంచి ఎవడు చెప్తాడు? చెప్పకుండా నడుపుతారు. అది మీకు నయమా?"

ఏడో సోమవారం మేనేజరే పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. వైద్య పరీక్ష పెట్టారు, రోడ్డు మీద నడిపించి చూశారు. ఆమె నెగ్గింది. మొదటి రోజు వంతెన దగ్గర చేతులకు చెమట పట్టింది. వెనక నుంచి బాబాయ్ అక్కర్లేకపోయినా స్టాపుల పేర్లు గట్టిగా అరుస్తూ వచ్చాడు.

ఆ ఏడాది నలుగురు డ్రైవర్లు విడివిడిగా వచ్చి ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందని అడిగారు. ఆమె కారణం అడగలేదు, రోజులు చెప్పింది.

ఏడాదిన్నర తర్వాత ఆ జబ్బు మళ్లీ వచ్చింది. ఎవరి ఫోనూ ఎత్తబుద్ధి కాక మూడు రోజులు ఊరుకుంది. నాలుగో రోజు తనే పోల్చుకుంది. భలే కోపమొచ్చింది, ఇంత చేశాక మళ్లీనా అని. భర్తకు చెప్పింది, డాక్టరమ్మను కలిసింది, మందు మోతాదు మార్పించుకుంది. సెలవు కాగితం మీద మొదటిసారి రాసిన మాటలే రాసింది. కొత్తగా చేరిన గుమస్తా చదివి, "అక్కా, ఇలా రాయొచ్చా?" అన్నాడు.

"రాశాను కదా. ముద్ర వెయ్యి."

తొమ్మిది రోజులు సెలవులో ఉంది. పదో రోజు పొద్దున అయిదున్నర బస్సు ఆమే తీసింది.