ఎదుటి ఒడ్డుకు చదివిన ఉత్తరాలు

షూమియెన్ అక్క గొంతును మా కిన్‌మెన్ దీవిలో కంటే ఎదుటి ఒడ్డునే ఎక్కువమంది ఎరుగుదురు. అటువైపు జాలర్లు, సైనికులు, బావి దగ్గరకు వచ్చే ఆడవాళ్లు అందరూ ఆ గొంతు విన్నవాళ్లే. మొహం మాత్రం ఒక్కరూ చూడలేదు. చూసి ఉంటే ఆ గొంతు ఈమెదంటే నమ్మేవారు కాదు. ముప్పై నాలుగేళ్ల పొట్టి మనిషి. ఆల్చిప్పలు ఒలిచి ఒలిచి వేళ్లు మొద్దుబారాయి. ఆ వేళ్లు ఒక్కచోట ఆగేవి కావు, గుండీ తిప్పుతూనో దారం లాగుతూనో ఉండేవి. ఆమె కుదురుగా కూర్చున్నది మైకు ముందు మాత్రమే.

మా పని నేల కింద గదిలో. పైన సముద్రం వైపు కాంక్రీటు గోడ నిండా లౌడ్‌స్పీకర్లు, ముందు రెండు కిలోమీటర్ల నీళ్లు, ఆ తర్వాత వాళ్ల లౌడ్‌స్పీకర్లు. మీ ప్రభుత్వాన్ని వదిలి మా వైపు రమ్మని వాళ్లు మమ్మల్ని పిలుస్తారు, మేం వాళ్లను పిలుస్తాం. బేసి తేదీల్లో అటునుంచి ప్రచార కాగితాలు కూరిన ఫిరంగి గుండ్లు కూడా వచ్చి పడేవి. దొరికిన కాగితాన్ని చదవకుండా ఊరి ఆఫీసులో అప్పగించాలని ఆజ్ఞ. చదవకుండా అప్పగించినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

మాకు పని నేర్పింది కెప్టెన్ గెంగ్. ఉత్తరాది మనిషి. ఇరవై మూడేళ్లుగా మా మధ్యే ఉన్నా మా భాష ఒక్క ముక్క రాదు. కానీ మనిషి మనసులోకి ఏ సందులోంచి దూరాలో ఆయనకు బాగా తెలుసు. తిట్టకండి, తిడితే చెవులు మూసుకుంటారు అనేవాడు. పదివేల మంది ఆకలి గురించి చెబితే ఆవులిస్తారు, ఒక్క మనిషిని పేరు పెట్టి పిలవండి, ఊరంతా చేతిలో పని ఆపుతుంది అనేవాడు. అన్నం వేళకే చదవాలి. మూడు నిజాలు చెప్పి నాలుగోది కలపాలి. వారం వారం అదే రోజు, అదే మాట, అదే మెత్తదనం.

"అంతా చెప్పేయకండి," అనేవాడు వేలు ఆడిస్తూ. "కొంత ఖాళీ వదలండి. వినేవాడే పూరించుకుంటాడు. తను పూరించుకున్నదాన్ని ఎవడూ అనుమానించడు."

మా దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. అటునుంచి వచ్చినవాడు బతికి ఉంటే వాణ్ణే మైకు ముందు కూర్చోబెడతాం. సొంత గొంతును మించింది లేదు కదా. మనిషి పోతే మాత్రం గొంతు మేం అరువిస్తాం. హువాంగ్ మెయ్‌యూ అలాంటిదే. ఆరేళ్ల కిందట పడవ కొట్టుకొచ్చి మా ఒడ్డున పడిన పిల్ల. నెల తిరక్కుండానే జ్వరంతో పోయింది. చివరి రోజుల్లో షూమియెన్ అక్కే చిలగడదుంపల గంజి తాగించింది. ఆ పిల్ల తల్లి సరిగ్గా మా ఎదుటి జాలరి పల్లెలోనే ఉండేది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం అక్క మెయ్‌యూ అయిపోయి చదివేది. అమ్మా, నాకు కుట్టుపని దొరికింది. అమ్మా, కొత్త దుప్పటి కొన్నాను. చదివి బయటికి వచ్చాక అరగంట పాటు గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరిగేది. ఎందుకలా అంటే కాళ్లు తిమ్మిరెక్కాయి అనేది.

నేను వాళ్లింట్లోనే అద్దెకు ఉండేదాన్ని. ఇంట్లో ఉన్నది అక్క, వాళ్లమ్మ. అక్క వాళ్లన్నయ్య యుంగ్‌షుయ్ పదహారేళ్లప్పుడు వలకు నూలు కొనడానికని పొద్దున్నే పడవెక్కి ఎదుటి ఒడ్డున ఉన్న షియామెన్ వెళ్లాడు. సాయంత్రానికి తిరిగి రావాల్సింది. ఆ మధ్యాహ్నం యుద్ధం ఒడ్డుదాకా వచ్చి దేశం రెండైంది, పడవలు ఆగిపోయాయి. ఇరవై మూడేళ్లుగా ఆగే ఉన్నాయి.

ఊరు కాని ఊళ్లో పోయినవాళ్లకు మేం ఏడో నెలలో, పోయినవాళ్లు తిరిగొస్తారనే నెలలో, గడప బయట ఒక గిన్నె పెడతాం. బతికున్నవాళ్లు గడప లోపల తింటారు, పోయినవాళ్లు బయట. బతికున్నవాడికి బయట పెడితే చావును చేతులారా పిలిచినట్టే. పోయినవాడికి పెట్టకపోతే వాడు ఎక్కడో ఆకలితో తిరుగుతుంటాడు. యుంగ్‌షుయ్‌కి పెట్టాలా వద్దా అన్నది ఏటా ఆ ముసలావిడను నమిలేసే ప్రశ్న. ఏడో నెల రాగానే గిన్నె కడిగి తుడిచేది, గడప దాకా తెచ్చేది, మళ్లీ లోపలికి తీసుకుపోయేది.

ఆ ఏడాది ఆరో నెల చివర్లో, గాలి అటునుంచి వీస్తున్న ఒక సాయంత్రం, అన్నం వేళకు ఎదుటి ఒడ్డు మాట్లాడింది. "అమ్మా, నేను త్సాయ్ యుంగ్‌షుయ్‌ని. మూడు పూటలా తింటున్నాను. గదిలో కరెంటు దీపం ఉంది. నీ చేతి ఆల్చిప్పల అట్టు ఇప్పటికీ కలలోకి వస్తోంది." ఊరంతా విన్నది. అయినా ఎవరూ వినలేదు. అటు మాటలు విన్నామని ఒప్పుకుంటే జైలు.

ముసలావిడ చేతిలో అన్నం గిన్నె కింద పెట్టింది. "విన్నావుటే?"

"విన్నానమ్మా."

"వాడి గొంతేనంటావా?"

"ఇరవై మూడేళ్లయింది. నాకేం గుర్తు?"

"నువ్వు చేసేదీ అదే పని కదా. కూతురిలా వద్దు. ఆ పని చేసేదానిలా చెప్పు."

అక్క నా వంక చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. మూడు పూటలు, కరెంటు దీపం. అది మేం చదివే కాగితం లాంటిదే, అటువాళ్లు రాసుకున్నారు, అంతే.

"ఆల్చిప్ప తింటే అన్నయ్యకి పెదాలు ఉబ్బిపోయేవి కదమ్మా," అంది అక్క మెల్లగా. "వాసనకే లేచి వెళ్లిపోయేవాడు."

"ఉబ్బేవి, చిన్నప్పుడు. మీ మావయ్యకి వేరుశెనగ పడేది కాదు, ముప్పై దాటాక బస్తాలు తిన్నాడు. వయసొస్తే ఒళ్లు మారదా?"

"మారుతుంది."

"లేదా వాళ్లు చెప్పమన్నారు, వీడు చెప్పాడు. పక్కన తుపాకీ పెట్టుకుని నిలబడితే నువ్వయినా చెప్తావు."

వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు. ఆ సాయంత్రం నుంచి నాకు ఆ సామెత మీద కోపం. ఆ ముసలావిడ వెర్రిది కాదు. ఆమెకు ఆశ ఉంది, అంతే. చిరుగు కనిపించిన చోటల్లా తనే సూదీ దారం తీసి కుట్టుకుంది. కెప్టెన్ గెంగ్ చెప్పిన ఖాళీ ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది.

అక్క చాలాసేపు వంటింట్లోకీ వాకిట్లోకీ తిరిగింది. చివరికి తల్లి ముందు చతికిలబడింది.

"బతికుంటే వాణ్ణే తెచ్చి మాట్లాడించేవాళ్లమ్మా. మేమూ అంతే చేస్తాం. మనిషి లేనప్పుడే ఇంకొకడి గొంతు పెడతాం."

ముసలావిడ ఏడవలేదు. మోకాళ్లు రాసుకుంది. "అయితే ఇరవై మూడేళ్లు వాడికి పస్తు పెట్టానన్నమాట," అంది. తర్వాత తలెత్తి అడిగింది. "మరి ఆ మెయ్‌యూ? దాని తల్లి కూడా పెట్టడం లేదుగా?"

అక్క లేచి వాకిట్లోకి వెళ్లింది.

ఏడో నెల మొదటి శుక్రవారం. అక్క ఎప్పటిలాగే మెయ్‌యూ కాగితం చదివింది. చివరి వాక్యం అయిపోయింది, నేను మైకు ఆపే మీట ఎత్తబోయాను. ఆమె నా చేయి పట్టుకుని, మైకులోకి ఇంకో మాట అంది. "అమ్మా, గడప బయట నాకు ఒక గిన్నె పెట్టవే."

నేను మీట ఎత్తేశాను. అద్దపు కిటికీ అవతల కెప్టెన్ గెంగ్ తలెత్తాడు. కాగితంలో లేనిది ఒక్క మాట పలికినా మా ఇద్దరికీ చెర తప్పదు. ఆయన లోపలికి వచ్చి అక్కను వదిలేసి నన్ను అడిగాడు. "చివర్న ఏమంది?"

"అమ్మా, నాకోసం ఒక గిన్నె పెట్టు అందండీ," అన్నాను. ఆయన భాషలోకి మారుస్తూ గడప మాట మింగేశాను. "మా పల్లెల్లో ఇల్లు గుర్తొస్తే అలా అంటారండీ. ఉత్తరం చివర రాస్తారు."

ఆయన ఆ మాటను నోట్లోనే నాలుగుసార్లు తిప్పుకున్నాడు. కళ్లు మెరిశాయి. "గిన్నె. చాలా బాగుంది. ఇది ఆఫీసులో కూర్చుని రాస్తే వచ్చే మాట కాదు. ఇకమీదట ప్రతి ఉత్తరం చివరా ఇది ఉండాలి. ఆమె ఎలా అందో సరిగ్గా అలాగే."

ఆ వారమంతా మేం సరిగ్గా నిద్రపోలేదు. ఆ మాటకు అర్థం ఏమిటో ఆయనకు చెబితే జైలు. చెప్పకపోతే ఏమవుతుందో మరుసటి శుక్రవారం తెలిసింది.

ఆ రోజు మైకు ముందు కూర్చున్నది లియావ్ దెహై, పాతికేళ్ల జాలరి. పది రోజుల కిందటి తుఫానులో కొట్టుకొచ్చాడు. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, మా వంటవాడితో పందెం కట్టి ఆరు గిన్నెల గంజి తాగాడు. చదువు రాదు. అందుకని అక్క మీట ఎత్తి చెవిలో ఒక వాక్యం చెప్పడం, మీట దించడం, అతను దాన్ని మైకులో పలకడం. తల్లిని తలుచుకుని నవ్వుతూనే పలికాడు. బాగున్నానమ్మా, దెబ్బలేం తగల్లేదమ్మా. అవి నిజాలే.

చివరి వాక్యం వచ్చింది. అక్క మీట ఎత్తింది. నోరు తెరవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని గోడ వైపు చూస్తూ కూర్చుంది. అద్దం మీద వేలితో టకటకా కొట్టిన చప్పుడు. ఇంకోసారి. కెప్టెన్ గెంగ్ చూపు ఆమె మీంచి నా మీదికి మళ్లింది.

నేను లేచాను. నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది జైలు ఒక్కటే. వంగి అతని చెవిలో ఆ వాక్యం చెప్పాను.

లియావ్ తల తిప్పి నా వంక చూశాడు. అతనిదీ మా భాషే, వాళ్లదీ మా ఆచారమే. "నేను బతికే ఉన్నాను కదక్కా," అన్నాడు.

నేను మీట దించాను. వెనక అద్దం మీద మళ్లీ చప్పుడైంది. అతను అద్దం వైపు చూసి, గుమ్మంలో తుపాకీ పట్టుకున్న సైనికుడి వైపు చూసి, మైకు దగ్గరకు వంగి, గడప బయట తనకొక గిన్నె పెట్టమని తల్లికి చెప్పాడు.

షూమియెన్ అక్క లేచి బయటికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి పనిలోకి రాలేదు. మాట వినలేదని ఉద్యోగంలోంచి తీసేశారు. గొంతు పోయిందని ఊళ్లో అనుకున్నారు. మళ్లీ ఆల్చిప్పల పనిలోకి దిగింది. లియావ్‌ను ఎటు పంపారో మాకు చెప్పలేదు. ఆమె కుర్చీ నాకిచ్చారు, ఏడేళ్లు కూర్చున్నాను. గాలి అనుకూలంగా ఉంటే అన్నం వేళకు మా మాట ఎదుటి పల్లెలో ప్రతి ఇంటికీ స్పష్టంగా వినిపిస్తుందని కెప్టెన్ గెంగ్ ఎప్పుడూ గర్వంగా చెప్పేవాడు. ఆ శుక్రవారం గాలి అనుకూలంగానే ఉంది.