ఎదురింటి దాకా హైదరాబాదు ప్రయాణం

అప్పట్లో మా కరీంనగర్‌లో మనుషులు రెండే రకాలు. హైదరాబాదు పోదామా అని ఆలోచించేవాళ్లు, పోయినవాడు ఏం బాగుపడ్డాడని ఆరా తీసేవాళ్లు. ఊరు విడిచిపోవడం గురించి కూర్చుని మాట్లాడుకోవడానికి మా ఊరంత వసతైన ఊరు భూమ్మీద మరొకటి లేదని నా నమ్మకం. టీ హోటల్ బల్లల మీద మేం ఆ ఊరిని ఖాళీ చేసినన్నిసార్లు అది నిజంగా ఖాళీ అయి ఉంటే, ఈపాటికి మానేరు ఒడ్డున కొంగలు తప్ప ఏమీ మిగిలేవి కావు. ఆ ఆలోచనాపరులందరికీ పెద్దను నేను. వయసు ఇరవై ఒకటి. తడిబట్టలతో తూచినా సగం బియ్యం బస్తాకు సరిపోని శరీరం. వృత్తి దుకాణాలకు బోర్డులు రాయడం.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో ఉర్దూ బోర్డు పక్కన తెలుగు బోర్డు పెట్టుకోవాలనే సరదా ఊరంతా అంటువ్యాధిలా పాకింది. నాలుగేళ్లు నేను నిచ్చెన దిగలేదు. (అన్నం కూడా నిచ్చెన మీదే తిన్నానని మా వాడలో చెప్పుకునేవారు. అది అబద్ధం. తిన్నది పైనే గానీ చేతులు కడుక్కోవడానికి దిగేవాణ్ని.) తర్వాత ఒకరోజు చూసుకుంటే ఊళ్లో రాయడానికి బోర్డు మిగల్లేదు. మిఠాయి దుకాణం, మందుల దుకాణం, గొడుగులు బాగుచేసే ముసలాయన, అందరివీ అయిపోయాయి. రేకు పెట్టెల మీద చిలకలు వేయడం మొదలుపెట్టాను. మా ఇంటి పెట్టె మీదే మూడు చిలకలు వేశాను. నాలుగోదానికి జాగా లేక ఊరుకున్నాను.

సరిగ్గా అప్పుడు హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ సినిమా హాళ్ల ముందు పెట్టే పెద్దపెద్ద బొమ్మలు వేసే ఒక ఉస్తాదుకు నా సంగతి ఎవరో చెప్పారట. 'పని నేర్చుకుంటానంటే వచ్చే సోమవారం గాక ఆపై సోమవారం పొద్దున హాజరు కావాలి. మంగళవారం వస్తే నీ బ్రష్షు ఇంకొకడి చేతిలో ఉంటుంది' అని రాయించాడు. నాకు తల తిరిగింది. ఆ బొమ్మల్లో ఒక్క హీరో ముక్కే మా ఇంటి తలుపంత ఉంటుందని విన్నాను. ఒక కనురెప్పకు రెండు డబ్బాల నల్లరంగు పడుతుందట! పోతే అలాంటి కనురెప్పలు. ఉంటే నాలుగో చిలక. ఇంత తేలికైన లెక్క నాకు వారం రోజులు తేలలేదు. పోదామనుకుంటే మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అంటాం, నాన్నను బాపు) చేసే పచ్చిపులుసు గుర్తొచ్చేది. ఉందామనుకుంటే ముక్కు గుర్తొచ్చేది.

చివరికి బాపును అడిగాను. బాపు నేతపని చేసేవాడు. మగ్గం చప్పుడు ఎంత పెద్దదో ఆయన మాట అంత చిన్నది. నేను పుట్టిన దగ్గర్నుంచి నాతో ఆయన మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక అగ్గిపెట్టెలో పట్టేవి. పుల్లలతో సహా.

"బాపూ, పోవాల్నా వద్దా?"

"ఊఁ."

"ఊఁ అంటే పొమ్మనా, ఉండుమనా?"

టక్కు టక్కుమని మగ్గం జవాబు చెప్పింది. నాకు మగ్గం భాష రాదు.

ఈలోగా మా అవ్వ నన్నడగకుండానే ముహూర్తాలు పెట్టే అయ్యగారి దగ్గరికి పోయి వచ్చింది. "బుధవారం పొద్దుగాల ఆరింటికి మంచి గడియ ఉన్నదట కొడుకా. గా గడియ దాటితె రెండు నెలలు మూఢమట. బయలెల్లు."

"నేనింకా పోవుడా ఉండుడా అనుకోనేలేదవ్వా!"

"అనుకునుడు తర్వాత అనుకో. ముందుగాల బయలెల్లు. గడియ మల్ల రమ్మంటె వస్తదా?"

దీనికి మా పెద్దవాళ్లు కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. ప్రస్థానం అంటారు. మంచి గడియకు నిజంగా ఊరు కదలలేనివాడు మూటముల్లె తీసుకుని, పోవలసిన దిక్కున ఉన్న ఎవరి ఇంట్లోనో దిగుతాడు. అంతటితో ప్రయాణం మొదలైనట్టే. తర్వాత ఐదు రోజుల్లో ఎప్పుడు బస్సెక్కినా ఆ గడియ బలమే పనిచేస్తుంది. ఒకటే షరతు. మళ్లీ తన ఇంటి గడప తొక్కకూడదు. హైదరాబాదు మాకు దక్షిణం. మా ఇంటికి సరిగ్గా దక్షిణాన, వీధికి అవతలి వైపు, అదాలత్ తాత ఇల్లుంది.

బుధవారం పొద్దున వాడంతా వచ్చింది. అవ్వ నాకు బొట్టు పెట్టి, శకునానికి నీళ్లబిందెతో ఒకావిడను ఎదురు రప్పించింది. మొదటిసారి నా చెప్పు తెగింది. రెండోసారి పిల్లి వచ్చింది. ఆ పుణ్యాత్మురాలు అదే బిందెతో మూడుసార్లు ఎదురొచ్చి, మూడోసారికి నన్ను తిట్టుకుంటూ వచ్చింది. సైకిళ్లు కిరాయికిచ్చే నా దోస్తు నా మెడలో బంతిపూల దండ వేశాడు. ఎవరో ముసలమ్మ "పోయినంక కార్డు రాయి బిడ్డా" అని కళ్లొత్తుకుంది. మూడు చిలకల పెట్టె నెత్తిన పెట్టుకుని నేను గంభీరంగా బయల్దేరి, పందొమ్మిది అడుగులు నడిచి, అదాలత్ తాత అరుగు మీద దిగాను. అంత ఘనంగా అంత తక్కువ దూరం ప్రయాణం చేసినవాడు చరిత్రలో ఇంకొకడు ఉంటే నాకు చూపించండి.

అదాలత్ తాత ఒకప్పుడు కోర్టులో వాది ప్రతివాదులను పేరు పెట్టి కేకేసే జవాను. ఆయన కేకేస్తే చనిపోయిన సాక్షి కూడా లేచి వచ్చేవాడని ప్రతీతి. నౌకరీ అయిపోయినా గొంతూ పోలేదు, అధికారమూ పోలేదు. అరుగు మీద నిలబడి వీధి మధ్య పారే మురుగు మోరీని కర్రతో చూపించి తీర్పు చెప్పాడు. "గీ మోరి సరిహద్దు! బయలెల్లినోడు గిది దాటి ఇంట్లకు పోతే ప్రయాణం ఖారిజ్, కొట్టేసినట్టే! ఆదివారం పొద్దటి బస్సు ఆఖరి మీయాద్, గంతే గడువు. గప్పటిదాంక ఎక్కకుంటే ముహూర్తం రద్దు!"

మధ్యాహ్నం అవ్వ గిన్నె పట్టుకుని మోరీ దగ్గరికి వచ్చింది.

"ఆగు! ఇంటి తిండి ఎట్ల తింటడు? పోయినోడు గద!" అన్నాడు తాత.

"బాటల పోయేటోనికి సద్ది కట్టియ్యరా మామా?"

తాత కర్ర గడ్డానికి ఆనించుకుని గిన్నె మీది ఆవిరి చూశాడు. "సద్ది మంజూరు. గని వేడి బువ్వ సద్ది ఎట్లయితది? సల్లారాలె."

ఆ రోజు నుంచి మా అవ్వ అవతలి ఒడ్డున నిలబడి చాటతో విసురుతూ పప్పు చల్లార్చేది. నేను ఇవతలి ఒడ్డున నిలబడి ఆవిరి ఎప్పుడు ఆగుతుందా అని చూసేవాణ్ని. మధ్యమధ్య ఆమె దూరదేశంలో ఉన్నవాణ్ని అడిగినట్టు గొంతెత్తి అడిగేది. "బిడ్డా, ఆడ మంచిగున్నదా? నీళ్లు పడ్తున్నయా?"

"అవ్వా, గీ నీళ్లు మన బాయియే గదా!"

"అయితేంది? జాగ మారె గద!"

సాయంత్రం అలవాటు కొద్దీ టీ హోటల్‌కు పోయాను. "నువ్వు పొద్దుగాలనే పోతివి గద!" అన్నాడు హోటలాయన, పాడె మీంచి లేచి వచ్చినవాణ్ని చూసినట్టు. నా దోస్తు మరీ పరేషాన్ అయ్యాడు. "అరేయ్, నువ్వు పోయినవని నా దుకాణంల ఉన్న నీ నిచ్చెన సున్నాలేసెటోనికి ఇచ్చిన. దండ గూడ ఏస్తి. నువ్వు గిట్ల తిరుగుతుంటే నా ఇజ్జత్ ఏం గాను? జర నెత్తికి తువ్వాల చుట్టుకొని పో!" నిచ్చెన పోయింది. ఊరికి నేను పోయినవాణ్ని, హైదరాబాదుకు రానివాణ్ని. ఆదివారం బస్సెక్కకపోతే ఈ ఊళ్లో ముఖం చెల్లదు. ఎక్కితే అవ్వను, బాపును విడిచి ఎందుకు పోతున్నానో నాకే తెలియదు. నవ్వుకోకండి. తువ్వాల కింద నాకు నిజంగా ఏడుపొచ్చింది.

గురువారం పోస్టాయన వచ్చాడు. నేరుగా అదాలత్ తాత అరుగెక్కి నా చేతిలో కార్డు పెట్టి, తలకొట్టుకున్నాడు. "ఏం ఖాందానయ్యా మీది! గీ కార్డు మీ గల్లీ పోస్టుడబ్బాలనే పడ్డది. పెద్దాఫీసుకు పోయి, ముద్ర గుద్దించుకొని, ఊరంత తిరిగి, మీ ఎదురింటికొచ్చింది. మీ బాపుకు గొంతు పోయిందా ఏంది?"

అవును, బాపు కార్డు! చిన్నప్పుడు ఊళ్లో ప్రైవేటుగా నడిచిన ఖాన్గీ బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు.

'చిరంజీవికి మీ బాపు దీవించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమము. అక్కడ నీ క్షేమము తెలుపగలవు. నేటి మధ్యాహ్నము నీవు అరుగు మీద కూర్చొని యుండగా చూసినాను. చిక్కినట్టు కనిపించినావు. అదాలత్ గారి ఇంట గాలి ఎక్కువ. చెవులు కప్పుకొని పండుకొనవలెను. నీవు పోయిన తరువాత మగ్గము చప్పుడు ఇంట్లో ఎక్కువగా వినిపించుచున్నది.'

తలెత్తి చూశాను. వీధికి అవతల, కిటికీలోంచి, బాపు తల వంచుకుని నేస్తున్నాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఆయన నాతో ఇంత మాట్లాడటం అదే మొదలు. నేను ఇంట్లో ఉంటే ఎట్లా మాట్లాడాలో ఆయనకు తెలియదు కాబోలు. ఊళ్లో లేనివాడికైతే కార్డు రాయవచ్చు. అందుకు పద్ధతి ఉంది, మొదలుంది, చివర ఉంది. నేను కూడా పరుగున పోయి ఒక కార్డు కొని (తువ్వాల చుట్టుకునే) రాశాను. 'బాపుకు నమస్కరించి. ఇక్కడ నేను క్షేమం. నేను పోవాల్నా వద్దా? నీవు ఊఁ అంటివి. ఆ ఊఁకు అర్థం వ్రాయగలవు.'

శుక్రవారం ఆ కార్డు బాపుకు అందింది. మగ్గం ఆగింది! మా వాడలో పగటిపూట మగ్గం ఆగిందంటే ఎవరో పోయారని లెక్క. నలుగురు పరుగెత్తుకొచ్చారు. "ఏమైందే, ఏమైందే?" బాపు కార్డు రెండుసార్లు చదివి, రొంటిన దోపుకుని, "ఏం గాలే" అన్నాడు. మగ్గం మళ్లీ మొదలైంది.

శనివారం జవాబు వచ్చింది. అక్షరాలు చీమలంత. అంచుల్లో, అడ్రసు చుట్టూ, తపాలా ముద్ర కింద కూడా దూరి ఉన్నాయి.

'నీవు నన్ను అడిగినావు. నన్నెవరునూ ఏదియూ అడుగరు గనుక దినమంతా ఆలోచించినాను. నీవు వ్రాసిన బోర్డులన్నియు నేను చదివినాను. బట్టలు అప్పగించ పోయినప్పుడు దూరమైననూ ఆ తొవ్వనే పోవుచుందును. మిఠాయి దుకాణముది చాలా బాగున్నది. సైకిళ్ల దుకాణముది చివర అక్షరములు కిందికి జారినవి. తొందరపడినావు. ఈ ఊరిలో అందరూ వాహ్వా అనెడివారే గాని జారినదని చెప్పెడివారు లేరు. నాకు చెప్పుట రాదు. చెప్పెడివారున్న చోటికి నీవు పోవుట మంచిది. నీవు పోయినచో ఇల్లు బోసిపోవును. అది వేరే సంగతి. ఇంకొక్కటి. నీవు పుట్టిననాటి నుండి నీతో చెప్పవలెననుకొన్నది ఏమనగా'

అక్కడికి కార్డు అయిపోయింది! తిప్పి చూశాను, వెలుతురుకు పెట్టి చూశాను. ముద్ర పక్కన గింజంత జాగాలో ఇరికించి ఉంది: 'జాగా లేదు. మిగతాది హైదరాబాదు చిరునామాకు వ్రాయగలను.'

వారం రోజులు ఊరినంతా విసిగించినా తేలని సంగతి ఒక్క క్షణంలో తేలిపోయింది. తెల్లవారి మొదటి బస్సెక్కకపోతే ఆ వాక్యం నాకు దక్కదు.

ఆదివారం బాపు నా పెట్టె భుజాన పెట్టుకుని బస్టాండుకు వచ్చాడు. అవ్వ ఏడుద్దామని చూసింది గానీ, నాలుగు రోజులుగా ఎదురింటి వైపు చూసి ఏడ్చేయడంతో ఆమె దగ్గర సరుకైపోయింది. అదాలత్ తాత మీయాద్ లోపలే ఎక్కానని నలుగురికీ వినపడేలా కేకేశాడు. బస్సు ఇంజను గుర్రుమంటుండగా నేను కిటికీలోంచి వంగాను.

"బాపూ, మిగిలిన సంగతేంది?"

బాపు బస్సు టాపు వైపు, చక్రాల వైపు, మా పెట్టె మీది చిలకల వైపు చూశాడు. "రాస్త తియ్," అన్నాడు.

హైదరాబాదులో మొదటి రోజే నేను వేసిన ముక్కు చూసి ఉస్తాదు నిచ్చెన కిందనుంచి అరిచాడు. "అరే, పాదుషా మొహం మీద వంకాయ పెట్టినవేందిరా?" ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ సాయంత్రమే బాపుకు రాశాను. జవాబు వచ్చింది. 'వంకాయ సంగతి చదివి ఆనందించినాను' అని, వాన గురించి, నూలు గురించి, అవ్వ మోకాళ్ల గురించి. చివర 'మిగతాది తదుపరి కార్డులో' అని. తదుపరి కార్డులోనూ అంతే. పదిహేనేళ్లు వారానికొక కార్డు. సెలవులకు ఇంటికి పోతే "వచ్చినవా?" "వచ్చిన." మళ్లీ టక్కు టక్కు. నేను హైదరాబాదు చేరేలోపే నా వెనకాల కార్డు బయల్దేరేది.

బాపు పోయి చాలాకాలమైంది. ఆ వాక్యంలో మిగిలిందేమిటో నాకు తెలియనే తెలియదు. చాలా ఏళ్లు అది ఆయన మతిమరుపనుకున్నాను. ఈమధ్య ఒకరోజు అద్దం ముందు కూర్చుని మీసానికి నల్లరంగు వేసుకుంటుంటే (కనురెప్పలకు డబ్బాలు పోసిన చేతులు ఇప్పుడు ఈ పనికొచ్చాయి) బాపు మగ్గం గుర్తొచ్చింది. బట్ట నేయడం అయిపోయినా ఆయన పడుగు, అంటే నిలువు దారాలన్నీ కోసేసేవాడు కాదు. మూరెడు మగ్గం మీదే వదిలేసేవాడు, కొత్త పడుగును ఆ కొసలకు అతకడానికి. కొసలు కోసేస్తే మళ్లీ మొదటినుంచీ ఎక్కించుకోవాలి. అంటే ఆయన మరచిపోలేదు, తర్వాతి కార్డును అతకడానికి ఆ వాక్యం కొస వదిలిపెట్టాడన్నమాట! ఇంత చిన్న సంగతి పట్టుకోవడానికి నాకు మీసం నెరిసేదాకా పట్టింది. నవ్వొచ్చింది. నవ్వులో చెయ్యి జారి చెంప సగం నల్లబడింది. ఎంత కడిగినా పోలేదు. రెండు రోజులు అలాగే బజారులో తిరిగాను.