ఆకుపచ్చ రంగు కింద

నా చిన్నప్పుడు మేము దోహాలో ఒక అమెరికా సారు ఇంటి వెనక గదిలో ఉండేవాళ్ళం. సారు ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. మా నాయన ఆయన కారు డ్రైవరు, మా అమ్మ ఆ ఇంటి వంటమనిషి. కడప నుంచి వచ్చిన డ్రైవరు పెళ్ళాంబిడ్డలతో ఉండడం అప్పట్లో అరుదు. సారు సంతకం పెట్టినంత కాలమే మా వీసాలు. పిల్లనైన నాకూ ఆ సంగతి తెలుసు. మా ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ముందు ‘సారు ఏమనుకుంటాడో’ అన్న మాటే వచ్చేది.

సారు షెడ్డులో ఒక పాత సైకిలు ఉండేది. దాని రిమ్ములు చెక్కవి. ఇనుముకు గతిలేనోళ్ళు చేసిన బండని అమ్మ నవ్వేది. 1978 సెప్టెంబరులో సారు సెలవు మీద తన దేశం వెళ్తూ, దాన్ని జాగ్రత్తగా చూడమని నాయనకు అప్పగించాడు. అక్టోబరులో ఆయుధపూజ వచ్చింది. మా వైపు ఆ పండుగకు నాగలి నుంచి లారీ దాకా అన్నిటినీ కడిగి, రంగులేసి, పసుపు కుంకుమలు పెడతారు. అప్పగించిన బండిని పాతగా వదిలేయడం నాయన దృష్టిలో యజమానికి అవమానం.

గరుకు కాగితంతో ఫ్రేమంతా ఇనుము తేలేదాకా రుద్దాడు.

“మనకే పండగ గుడ్డల్లేవు, సైకిలుకు సింగారమా!” అంది అమ్మ.

“నువ్వుండు మే! సారొచ్చి దీన్ని సూసినాడంటే, ఈ డ్రైవర్ను వదిలేదే ల్యా.”

మెరిసే ఆకుపచ్చ ఎనామిల్ రెండు పూతలు వేశాడు. హ్యాండిలుకు బొట్లు నేను పెట్టాను.

సారు తిరిగొచ్చిన రోజు షెడ్డు తలుపు నాయనే తెరిచాడు. సారు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ ఫ్రేము మీద వేలితో దేనికోసమో చాలాసేపు వెతికాడు. నాయనకు ‘యెస్ సార్’ దాటి ఇంగ్లీషు రాదు. నేను బడిలో నేర్చుకుంటున్నాను కనుక సారు నావైపు తిరిగాడు. ఎనభై ఏళ్ళ కిందట అమెరికాలో జనానికి సైకిళ్ళ మోజు పట్టిన కాలంలో వాళ్ళ ఊరి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీ కూడా సైకిళ్ళు చేసిందట. ఫ్రేముల మీద బంగారు రంగు సన్నగీతలు కుంచెతో గీయడం అందులో ఆయన తాత పని. మోజు తగ్గాక ఫ్యాక్టరీ మూతపడింది. తాత గీసిన గీతలు మిగిలింది ఈ ఒక్క బండి మీదే.

“ఏమంటాండాడు పాపా? బాగుందంటనా?” అన్నాడు నాయన. ఆ గొంతులో మా వీసాలన్నీ ఉన్నాయి.

సారు నాయన ముఖం చూశాడు. తర్వాత నాతో మెల్లగా, “చాలా అందంగా ఉందని చెప్పు. మిగతాది ఎప్పటికీ చెప్పకు” అన్నాడు.

చెప్పాను.

మా వీసాలు నిలిచాయి. మరుసటి ఏడు సారు మమ్మల్ని ఇంకో యజమానికి ఒప్పజెప్పి, వేరే దేశం వెళ్ళిపోతూ సైకిలును షెడ్డులోనే వదిలేశాడు. తనకు బహుమతిగా ఇచ్చాడని నాయన నమ్మాడు. ఆ తర్వాత ఏ ఇంట్లో డ్యూటీ చేసినా దాన్ని వెంట తీసుకెళ్ళి, ప్రతి దసరాకు ఇంకో పూత వేశాడు. “అమెరికా సారు మెచ్చిన బండి, మా పాపనడుగు” అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. నేను తలాడించాలి. దోహాలోనే ఉమ్ ఘువైలినా పేటలోని నా ఫ్లాటులో మంచాన పడ్డాక కూడా, “ఆ పొద్దు సారేమన్నాడో ఒగసారి సెప్పు పాపా” అని అడిగాడు. “అందంగా ఉందన్నాడు నాయనా” అన్నాను. అవే మా ఇద్దరి మధ్య చివరి మాటలు.

నాయన పోయాక ఈ కథ విన్న నా పిల్లలు, ఆ సారు ఎంత దయగలవాడో అన్నారు. ఆయన దయ చూపించి విమానమెక్కాడు. ఆ ఇంట్లో, నాయన పక్కన, ఆ మాటతో బతకాల్సింది నేను.

అందుకే ఇక్కడి బడిలో లెక్కలు చెప్పినన్నాళ్ళూ తప్పు లెక్కకు ‘బాగుంది’ అని ఏ బిడ్డతోనూ అనలేదు. పిల్లలకు నేనంటే భయం, కొందరికి ద్వేషం కూడా. దానికి నాకు బాధ లేదు. నన్ను ఎవరైనా మెచ్చుకున్నప్పుడే నాకు కష్టం. నిన్న భోజనాల దగ్గర కోడలు, “పులుసు చాలా బాగుందత్తయ్యా” అంది. నేను కోడలిని చూడలేదు. మనవరాలి ముఖం చూశాను, నాకు ఏదైనా చెప్పొద్దని దానితో అన్నారేమోనని.