అమ్మ బొట్టు పెట్టిన కంప్యూటర్

మొన్న దసరాకు ముందు మా చిన్నవాడి ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయి, మళ్లీ ఆన్ అయ్యాక అందులోని ఆట నత్తనడక నడుస్తుంటే, వాడు వేళ్లు విరుచుకుంటూ ఇల్లంతా తిరగడం చూసి నాకు నవ్వు రాలేదు సరికదా, ముప్పై ఏళ్ల కిందటి నా అశాంతి మళ్లీ ఒంట్లోకి వచ్చినట్టయింది.

కొత్త సరుకులన్నీ బజారులోకి వచ్చి పడుతున్న ఆ రోజులు మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. చంద్రపూర్‌లో నాన్న బట్టల దుకాణం మీది గదిలో కంప్యూటర్ క్లాసు పెడతానని పట్టుబట్టి, నాగపూర్ నుంచి ఒక కంప్యూటర్ తెచ్చుకున్నాను. కార్ల పందెం ఆట చూపిస్తే పిల్లలు వస్తారు, పిల్లల వెనక పెద్దవాళ్లు వస్తారని నా ఆశ. దసరా నాడు కింద కత్తెరకూ గజంబద్దకూ పూజ అయ్యాక అమ్మ పైకి వచ్చి, చుట్టాలంతా చూస్తుండగా, నడుస్తున్న కంప్యూటర్ ముందువైపు వేలు గట్టిగా అదిమి కుంకుమ బొట్టు పెట్టింది. అప్పుడే కరెంటు పోయింది. పక్కనే దుర్గాపూర్ థర్మల్ కేంద్రంలో ఎన్నో ఊళ్లకు సరిపడా కరెంటు తయారవుతున్నా, మాకు పోయేది మాత్రం పోయేదే.

కరెంటు వచ్చాక తెర మీద ఏమీ రాలేదు. ఫ్లాపీలు ఒక్కొక్కటే పెట్టి అంతా మళ్లీ ఎక్కిస్తే కంప్యూటర్ నడిచింది గాని, కారు ఎడ్లబండి అయిపోయింది. చెరిపాను, మళ్లీ ఎక్కించాను, డబ్బా విప్పి తీగలు పీకి పెట్టాను. అన్నం సహించేది కాదు, ఒకచోట కాలు నిలిచేది కాదు. నాన్న చూసి చూసి, "దీపావళి దాంక చూస్త. గప్పటికి బాగు గాకుంటే వాపస్ ఇచ్చేసి దుకాణంల గల్ల మీద కూసో" అన్నాడు. బతుకంతా ఆ డబ్బుల పెట్టె ముందు కూర్చోవడం తలుచుకుంటే నాకు ఊపిరాడేది కాదు. అమ్మ మాత్రం రోజూ పైకి వచ్చి, "బొట్టు వెట్టిన గద బిడ్డా, గదే మంచిగైతది" అనేది.

దీపావళి ముందు రోజు, ఇక వాపస్ ఇవ్వక తప్పదనుకుని, చివరిసారి ఆట పెట్టి చూస్తూనే ఎండిపోయిన కుంకుమను గుడ్డతో రుద్దాను. గుడ్డ కింద ఏదో టక్కుమంది, పక్కన చిన్న దీపం వెలిగింది, కారు దూసుకుపోయింది. ఆనాటి కంప్యూటర్లకు వేగం పెంచి తగ్గించే మీట ఒకటి ఉండేదట. దాని సంగతి నాకెవరూ చెప్పలేదు, అమ్మ వేలు సరిగ్గా దాని మీదే పడింది. బాగైందని మాత్రం కిందికి వెళ్లి చెప్పాను. అమ్మ నాన్న వైపు తిరిగి, "నేను చెప్పలే?" అంది.

క్లాసు చాలా ఏళ్లు నడిచింది. ఆ కంప్యూటర్ ఉన్నన్నాళ్లూ ప్రతి దసరాకూ అమ్మ అక్కడే బొట్టు పెట్టేది, ఆమె మెట్లు దిగాక నేను మీట మళ్లీ నొక్కేవాణ్ణి.

మా చిన్నవాడు ఇంటర్నెట్‌లో చూసి, ఏదో డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చి, కాసేపట్లోనే తన ఆట బాగు చేసుకున్నాడు. పండుగ నాడు ల్యాప్‌టాప్‌ను పూజలో పెట్టమంటే మరకలవుతాయన్నాడు. నిజమే. అయినా, చెడిపోతే చెడిపోయింది, అమ్మ ఒక్కసారి వచ్చి దానికి బొట్టు పెడితే బాగుండునని ఆ రోజంతా అనిపిస్తూనే ఉంది.