నాలుగు శేర్ల బుడ్డలు

ముందు పోయినవి లెక్క పెడతాను. ఎమ్మిగనూరులో ఆడిన ఒక ఆట. ఆ ఆటలోనే ముళ్లకంపలో పడి పగిలిన కొత్త బంతి. రానుపోను బస్సుకు చందాలోంచి తీసిన డబ్బు. మాలో అందరికన్నా ఎత్తుకు ఎగిరి కొట్టగల ఆటగాడు ఒకడు. మూడు శేర్ల బుడ్డలు. వేరుశెనగ కాయలను మా వైపు బుడ్డలంటాం. ఎన్నిసార్లు రాసినా ఈ చివరి పద్దు దగ్గర చేయి ఆగిపోతుంది. లేచి నాలుగడుగులు తిరిగి మళ్లీ కూర్చుంటాను.

అప్పుడు ఆదోని హైస్కూల్లో చదువుతున్నాం. ఇంకా అణాల కాలం. పన్నెండు మంది తలా ఎనిమిదణాలు కడితే వాలీబాల్ క్లబ్బు పెట్టుకోనిస్తానన్నాడు డ్రిల్లు మాస్టరు. గడువు శనివారం. సభ్యులను చేర్చడం, డబ్బు లెక్క చూడడం నా పని. సోమవారానికి ఐదుగురమే ఉన్నాం.

ఆరోవాడు నా తరగతివాడే, కూలీల ఇంటి బిడ్డ, ఎగిరి కొట్టడంలో మా అందరినీ మించినవాడు. భుజాన సంచితో వచ్చాడు.

"మా యమ్మ బుడ్డలు పీకిన కూలి ఇది. నాలుగు శేర్లు. దుడ్డు యాడిదప్పా మాకు?"

శేరు రెండణాలు. సరిగ్గా సరిపోయింది. శుక్రవారం సంతలో అమ్మి అతని పేరున కడతానని మాటిచ్చాను.

మరునాడు ఇంకొకణ్ణి చేరమని అడిగితే, "ఎనిమిదణాలిచ్చి మోకాళ్లు పగలగొట్టుకోవాల్నా?" అని ఎగతాళి చేశాడు. ఏమీ తోచక సంచిలోంచి ఒక గుప్పెడు వాడి చేతిలో పోశాను. అవి ఒలుచుకు తినేలోగా ఒప్పుకున్నాడు. అంతే, నాకు దారి దొరికింది. అడగబోయే ప్రతివాడికీ గుప్పెడు, వాడి పక్కనున్నవాడికి గుప్పెడు. శుక్రవారానికి ఏడుగురు కొత్తవాళ్లు డబ్బు కట్టారు. సంచిలో శేరు మిగిలింది.

శనివారం పొద్దున్నే అతను అడిగాడు. "నాది కట్టినావా?"

"ఎలుకలు తిన్నాయి."

"రెండు కాళ్ల ఎలుకలాప్పా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

మాస్టరు జాబితా చూశాడు. అతను కాక పన్నెండు నిండాయి. డబ్బు కట్టని అతని పేరును ఎర్ర పెన్సిలుతో కొట్టేసి, మిగిలిన శేరు తిరిగి ఇప్పించాడు. అతని కాయలు తిని చేరిన ఏడుగురూ లోపల, అతను బయట. ఆ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పకుండా, తెలిసిన మొత్తాన్నే మళ్లీ మళ్లీ కూడుతూ నిలబడ్డాను. ఆ తర్వాతి వారం ఎమ్మిగనూరులో ఓడిపోయాం.

నయాపైసలు వచ్చాక పత్తి మార్కెట్లో లెక్కలు రాసే పనిలో చేరాను. ఒకరోజు అతను అక్కడే బేళ్లు మోస్తూ కనిపించాడు. ఆరణాలంటే ముప్పైఏడున్నర నయాపైసలు. ముప్పైఎనిమిది లెక్కపెట్టి చేయి చాపాను. అతను తీసుకోలేదు.

"దుడ్డు నేనియ్యలేదు గదప్పా. బుడ్డలిచ్చినా. అవి మా యమ్మవి. తిరిగిచ్చేదుంటే ఆమెకియ్యి."

మరుసటి శుక్రవారం మూడు శేర్లు కొలిపించుకుని వాళ్ల ఊరికి నడిచాను. గుడిసెకు తాళం. ఆ తల్లి కొడుకును తీసుకుని కౌతాళం దిక్కు వరినాట్లకు పోయిందని పక్కింటామె చెప్పింది. ఏ ఊరికో ఆమెకూ తెలియదు. ఆ తర్వాత కౌతాళం వైపు ఎన్నిసార్లు పనిమీద పోయానో, ఎన్ని ఊళ్లలో అడిగానో రాసి పెట్టుకున్నాను. పద్దు మాత్రం మారలేదు.

బాకీ: మూడు శేర్లు.