సర్కారు గోడ పొడవు

పొద్దున్నే వాకిట్లో ఇనుప టేపు సర్రుమని సాగిన చప్పుడు. చేతిలో చీపురు ఆగిపోయింది. ఒకప్పుడు చెరుకు బండ్లు బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పోయిన దారి పక్కనే మా గల్లీ. దానికి సిమెంటు రోడ్డు వేస్తారట. ఎవరి ఇంటి ముందు ఎంత పొడవుంటే అంత వాటా కట్టాలట. ఆ చప్పుడు వింటే నాకు కాలు ఒకచోట నిలవదు. సత్తెక్క గుర్తొస్తుంది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది, సత్తెక్కను ఎరగని వాళ్ల కోసం.

ఆమె మా ఎదురింటి మనిషి. నూనె లేని బండి ఇరుసు లాంటి గొంతు. నా పెనిమిటి కాలం చేసిన ఏడాది గల్లీకి మురికినీళ్ల మోరీ పని వచ్చింది. అప్పుడూ లెక్క ఇదే, ఇంటి ముందరి కొలతను బట్టి వాటా. నా ఇల్లు చివర, పశువుల దవాఖాన గోడ పక్కన, పల్లంలో. వాన పడితే గల్లీ మురికంతా నా గడప దాటి పొయ్యి దాకా వచ్చేది. మోరీ కావాలని అందరికంటే నాకే ఆత్రం. కొలిచే ఆయన దవాఖాన గోడ మొదట్లోనే టేపు చుట్టేశాడు.

"గా గోడ ఎవలు కొలుస్తరు సారూ?" అంది సత్తెక్క.

"అది సర్కారు జాగ అవ్వా. దానికి వాటా ఉండది. గా ముక్క ఖర్చు మీ ఇండ్ల మీదనే పంచుతం."

"ఏం, సర్కారు ముంగట మోరీల పన్నీరు పారుతదా?"

గల్లీ అంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా గోడ లోపలికి వేలు చూపించాడు. "గా మేకలెవరియి? గా పిడకలెవరియి? వాడుకునేది మీరు, వాటా సర్కారుదా?"

నవ్వు ఆగిపోయింది. ఆ మేకలు నావే. కూలి దొరకని రోజున నా కడుపు నింపేవి అవే.

మర్నాడు సత్తెక్క తన పిడకలు తనే తట్టకెత్తుకుని ఇంటికి మోసుకుంది. తర్వాత వచ్చి నా మేకల తాళ్లు విప్పింది. నేను మీద పడ్డాను.

"నీ నోట్ల మన్నువడ! మొగడు పోయినదాని మేకలే దొరికినయా నీకు?"

"తిట్టు, మంచిగ తిట్టు. గని మన చెయ్యి గా జాగల ఉన్నన్ని దినాలు మన నోరు లేవది, పోశవ్వా."

మేకలను ఈడ్చుకుపోయి తన వాకిట్లో మల్లె చెట్టు పక్కన కట్టింది. అవి ఆ చెట్టును మొదలు దాకా మేశాయి. ఆమె మేకలను తిట్టింది కానీ నన్ను ఒక్క మాట అనలేదు.

జాగా ఖాళీ అయ్యాక గల్లీనంతా వెంటేసుకుని కొలిచే ఆయన ఆఫీసుకు పోయింది. మళ్లీ కొలిచిననాడు టేపు కొస తనే పట్టుకుని గోడ వెంట నడిచింది.

"అటెందుకవ్వా, అది సర్కారుది."

"గందుకే పోతున్న బిడ్డా."

దవాఖాన పేరు మీదా వాటా పడింది. అది వచ్చేదాకా పని మొదలు కాలేదు, ఇంకో వానాకాలం నా పొయ్యి మునిగింది. ఆమెను తిడుతూనే నీళ్లు ఎత్తిపోశాను. తిట్లు వింటూ, నా పక్కనే వంగి, ఆమె కూడా ఎత్తిపోసింది.

ఇప్పుడు ఆమె లేదు. మోరీ పారుతోంది. టేపు ఈ పొద్దు కూడా గోడ దగ్గరికి రాగానే ఆగింది. నోరు తెరవబోయి, లోపలికి చూశాను. దవాఖాన జాగాలో నా కొడుకు ఆటో నిలబడి ఉంది. పోయి వాడిని లేపాను.

"ఆటో బయటికి తియ్యి."

"తీసి ఏడ పెట్టాలె అవ్వా?"

"మన వాకిట్ల. నా బంతిచెట్ల మీద పెట్టు."

చెట్లు విరుగుతున్న చప్పుడు వెనక వినబడుతుండగా, కొలిచే పిల్లగాడి ముందు చెయ్యి చాపి టేపు కొస అడిగాను.