పెద్దనాయన కట్టిన గడ్డివాము

మా పెద్దనాయన పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను మహేశ్వరంలో ఒక వెంచర్ వాళ్ల మీటింగుకు కుర్చీలు దించుతున్నాను. తెల్లవారినా చలి విరగలేదు. "లేస్తలేడని పోయి లేపితే లేవలే బిడ్డా" అంది పెద్దమ్మ. ఆమె గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. చలికాలంలో ఆయన ఆమె కంటే ముందు లేవని రోజు లేదు మరి. దించిన కుర్చీలనే మళ్లీ ఎక్కించుకుని ఊరికి బయల్దేరాను.

నాది ఇబ్రహీంపట్నంలో టెంట్ హౌస్. పెళ్లయినా చావయినా నా టెంటు కింద కూర్చున్న మనిషికి నీళ్లు అందలేదన్న మాట ఇంతవరకు పడలేదు. ఈ గొప్ప ఇప్పుడెందుకు చెప్పుకుంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. ఇబ్రహీంపట్నం నుంచి కాస్త లోపలికి పోతే మా ఊరు, ఊరి చివర ఆయన ఇల్లు. రెండు బర్రెలు, ఒక ఆవు, దాని దూడ. చలి ముదిరితే ఆయనకు పని పెరిగేది. దసరా పోగానే గోనెసంచులు ఉతికి, విప్పి, రెండేసి కలిపి కుట్టి పశువుల వీపులకు కట్టేవాడు. కొట్టానికి ఉత్తరం గాలి తగలకుండా తాటాకు తడకలు నిలబెట్టేవాడు. పశువులు తాగే గోలెంలో రాత్రి మిగిలిన చల్లటి నీళ్లు చెట్లకు పోసేసి, పొద్దున్నే కొత్తగా బోరు నీళ్లు పట్టేవాడు. అప్పుడవి గోరువెచ్చగా ఉంటాయి. పశువులు తాగాకే ఆయన చాయ్ తాగేది. "నోరున్నోళ్లం, అడుక్కుంటం. నోరు లేనిదాన్ని మనమే యాది పెట్టుకోవాలె" అనేవాడు. మంచు ఆరకముందు మేపితే కడుపుబ్బరం వస్తుందని మేతకు తొందరపడేవాడు కాదు. దూడను మాత్రం ఎండపొడ తగిలేచోట కట్టి, ఎండ జరిగినకొద్దీ గుంజ మార్చేవాడు.

గుట్ట కింద మా ఊరి కంచె, అందరి పశువులూ మేసే బీడు. వానలు వెనకబట్టాక అందులో సగం దిక్కు ఆయన తన పశువులను పోనిచ్చేవాడు కాదు. "గింజ రాలనియ్యాలెరా. మనం తిన్నంక దానికి గూడ ఏదన్న మిగలాలె" అనేవాడు. ఊళ్లో ఇంకెవరూ ఆ మాట వినలేదనుకోండి. ఒకసారి ఎవరో పారేసిన బీడీకి గడ్డి అంటుకుంటే తంగేడు కొమ్మలతో కొట్టి ఆర్పి, మీసం కాలి ఇంటికొచ్చాడు. "గడ్డొక్కటే కాలతదారా? కౌజుపిట్టలు గుడ్లు వెట్టుకుంటయి అండ్ల" అని ఊరంతా వినేలా తిట్టాడు. ఇప్పుడు కంచెలో చాలామటుకు హద్దుకు రాతి కడీలు పాతిన ప్లాట్లే. ఆ కడీల మధ్య కూడా ఆయన సగం వదిలి సగమే మేపేవాడు. మేం నవ్వేవాళ్లం.

నా టెంట్లను చూసి ఆయన నవ్వేవాడు. "నీ డేరా కింద నీడ మస్తుంటదిరా, పిట్ట మాత్రం వాలదు."

నాకున్న కొంచెం పొలం కౌలుకిచ్చాను. మిషన్ వరి కోసి పోయాక మిగిలిన గడ్డిని కాలబెడతానని కౌలుదారు అంటే సరేనన్నాను. ఆ మాట చెవిన పడి పెద్దనాయన నా షాపు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఏందిరా, గడ్డి కాలవెడుతున్నరట?"

"అందరు గట్లనే చేస్తుండ్రు పెద్దనాయినా."

"అందరి ముచ్చట నాకెందుకురా. నీ పొలం అందరిదా? జర ఆగుమను, నేనేరుకుంట."

ఆ వయసులో కొడవలీ తాడూ పట్టుకుని, పెద్దమ్మను వెంటబెట్టుకుని పోయి, గడ్డంతా ఏరి మోపులు కట్టి మోసుకున్నాడు. ఇంటి ముందు వాము కట్టి, వాన జారిపోయేలా పైన కొప్పు దువ్వాడు. దాంట్లోంచి గడ్డి దూయడానికీ ఆయనకో పద్ధతి ఉండేది. ఎప్పుడూ ఒక్క పక్క నుంచే, కొప్పు కదలకుండా. మళ్లీ వానలు పడి పచ్చగడ్డి లేచేదాకా అది సరిపోవాలి.

ఆయన పోయిన రోజు నేను ఏ లోటూ రానివ్వలేదు. టెంటు వేయించాను. కుర్చీలు, చాయ్, నీళ్ల క్యాన్లు తెప్పించాను. జల్‌పల్లి నుంచి ఆయన కూతురూ అల్లుడూ వచ్చేదాకా ఆయనను ఉంచాలి. వచ్చినవాళ్లు చలికి ముడుచుకుంటుంటే నేనే పోయి, వాములో చేతికందిన చోట గడ్డి గుంజి మంట వేశాను. నన్ను చూసి అందరూ గుంజారు. చాపల కింద పరవడానికి కొంత, కట్టెలు అంటించడానికి కొంత.

మధ్యాహ్నానికి పశువులు అరవడం మొదలుపెట్టాయి. "చూసినవా, నోరు లేని జీవాలు గూడ ఏడుస్తున్నయి" అన్నారెవరో. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. నాకూ దుఃఖం ఆగలేదు. ఫోన్ తీసి వీడియో పట్టాను. ఆవు తాడు గుంజుకుంటూ మావైపు తిరిగి అరుస్తోంది. 'యజమాని కోసం ఏడ్చిన మూగజీవాలు' అని రాసి స్టేటస్‌లో పెట్టాను. సాయంత్రానికి అది ఎక్కడెక్కడికో పోయింది. మీలో కొందరైనా చూసే ఉంటారు. చూసి కళ్లు తుడుచుకుని ఉంటే నన్ను క్షమించండి.

అవి ఏడవలేదు. ముందురోజు సాయంత్రం నుంచి వాటికి నీళ్లు లేవు.

పెద్దమ్మ ఆయన పక్కన కూర్చునే చెప్పిందట, "జర ఎవరన్న పోయి పసులకు నీళ్లు వెట్టుండ్రి" అని. దుఃఖంలో ఏదో అంటోందని ఆడవాళ్లు ఆమె తల నిమిరి ఊరుకున్నారు. మేం దహనం చేసి తిరిగొచ్చేసరికి ఆమె బోరు దగ్గర నుంచి బకెట్ మోసుకొస్తోంది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. భర్త పోయిన రోజు గడప దాటొద్దని వెనక నుంచి మా మేనత్త మొత్తుకుంటోంది.

"ఆయన పోయిండు. ఇవి పోలే గద" అంది పెద్దమ్మ, వెనక్కి తిరగకుండా.

ఆవు గోలెంలో మూతి పెట్టి ఎంతసేపటికీ తల ఎత్తలేదు. నా టెంటు కింద మూత తీయని నీళ్ల క్యాన్లు వరసగా ఉన్నాయి. బకెట్ అందుకోబోతే పెద్దమ్మ ఇవ్వలేదు. స్టేటస్ నుంచి వీడియో తీసేశాను గానీ అది ఆగలేదు. ఇప్పటికీ ఎవరో ఒకరు నాకే పంపిస్తారు, దండాలు పెట్టి.

దినాలు అయ్యేదాకా వామును ఎవరూ పట్టించుకోలేదు. కొప్పు చెదిరిన చోట నుంచి రోజూ మంచు దిగింది, మధ్యలో ఒకసారి జల్లు కూడా పడింది. నా గోడౌన్ నిండా టార్పాలిన్ పట్టాలే, ఒక్కటి తెచ్చి కప్పాలని తోచలేదు. పెద్దమ్మ లోపలికి చెయ్యి పెట్టి గడ్డి తీసి వాసన చూసింది. లోపలిదాకా బూజు పట్టింది. "ఇది తింటే రోగమొస్తది" అని పక్కన పడేసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

గడ్డి కోసం తిరిగాను. కొంగరకలాన్ వైపు పొలాలు ప్లాట్లయిపోయాయి. ఇటు వైపు మడులు నల్లగా కాలి ఉన్నాయి. మోపులు కట్టి దాచినవాళ్లు తమ పశువులకే చాలదన్నారు. "ఇప్పుడు గడ్డి ఏడిదన్నా, కాలవెట్టినం గద. అందరు గట్లనే చేస్తుండ్రు" అన్నాడొకాయన, నావైపు వింతగా చూసి. చివరికి కాసిన్ని జొన్నచొప్ప మోపులు దొరికాయి.

"గిది ఆవుకు, దూడకే అయితది. బర్లను అమ్మెయ్" అంది పెద్దమ్మ. దాణా నేను కొనిపెడతానన్నాను. "ఎన్నొద్దులు కొంటవ్ బిడ్డా? భూమి ఎన్నిటిని సాకుతదో గన్నే ఉంచుకోవాలె అంటుండె మీ పెద్దనాయిన. ఆకలికి కట్టేసుడు కంటె అమ్ముడే నయం."

బర్రెలను మహేశ్వరం మనిషి తోలుకుపోయాడు. వాటి వీపుల మీది గోనెపట్టాలు నేను విప్పబోతే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీ. తొవ్వల చలివెడతది."

శివరాత్రి ఇంకా రాలేదు, చలి శివశివా అంటూ పోనూలేదు. షాపు తెరిచేముందు రోజూ వెళ్లి నీళ్లు పెడుతున్నాను. ఈ పొద్దున ఆవును విప్పితే అది గోలెం దాటి నేరుగా వాము ఉండిన చోటికి నడిచింది. బూజు గడ్డంతా ఎత్తిపోశాక అక్కడ కింద పరిచిన బండలు మాత్రమే మిగిలాయి. వాటి సందుల్లో ఇరుక్కున్న గడ్డిపరకలను నాలుకతో ఒక్కొక్కటే లాగి తింది. అవి కూడా అయిపోయాయి. పలుపు పట్టుకుని నేను పక్కనే నిలబడి ఉంటే, అది తల వంచుకుని ఆ ఉత్త బండను నాకుతూనే ఉంది.